తలుపు వెనక బుద్ధిమంతుడు

తాళం ఎవరి కోసం? లోపలున్నవాళ్ళ కోసమా, బయటున్నవాళ్ళ కోసమా? ఈ అనుమానం సీలకి పాలపళ్ళు ఊడే వయసు నుంచీ ఉంది. ఒకసారి నాన్ననే అడిగింది. తాళాల మేస్త్రీ ఆకురాయి ఆపకుండానే, "డబ్బులిచ్చినవాళ్ళ కోసం" అన్నాడు. అమ్మనడిగితే, "దేవుడికి తాళాలు అక్కర్లేదమ్మా, మనకే" అని కళ్ళు మూసుకుని ప్రార్థనలోకి వెళ్ళిపోయింది. రెండూ జవాబులు కావని అప్పుడే తెలిసింది. అంతకన్నా మంచి జవాబు ఆ ఇంట్లో దొరకలేదు.

ఇప్పుడు, సెలవురోజు పొద్దున, ఆ అనుమానం సీల గది తలుపై అందరి ముందూ నిలబడింది.

లోపల బుద్ధిమంతుడు. బయట తక్కిన లోకం.

"ఆంటీ! తలుపు తీయించండి ఆంటీ! ఊపిరాడట్లేదు!"

"కిటికీ తెరిచే ఉంది," అంది సీల, నడవ గోడకి ఆనుకుని యాపిల్ కొరుకుతూ. "ఊచలున్నాయి గానీ, గాలికేం అడ్డం రావు."

"నోర్ముయ్యవే!" అంది కుర్చీలోంచి నాయనమ్మ. "ఎంత బుద్ధిమంతుడు! వాణ్ణి కోడిపిల్లని గంప కింద మూసినట్టు మూస్తావా?"

ఆ పేరు పెట్టింది నాయనమ్మే. మనస్ఫూర్తిగానే పెట్టింది. సీల దాన్ని అలాగే పుచ్చుకుని, లోపలి అర్థం మాత్రం మార్చుకుంది. వచ్చిన ప్రతిసారీ చెప్పులు వరసగా విప్పేవాడు. పెద్దల కాళ్ళకి మర్యాదగా దారి వదిలేవాడు. లెక్కలు చెబుతానని వచ్చి, మొదట సీల పుస్తకాలు సర్దాడు, తర్వాత సీల జడ ఎలా ఉండాలో సర్దాడు, ఆ తర్వాత స్నేహితుల్ని సర్దాడు. ఇప్పుడు ఆమెకి మిగిలింది ఒక్క స్నేహితురాలు. అదీ ఎందుకంటే, ఆ పిల్ల వేరే ఊరు వెళ్ళిపోయింది కాబట్టి.

ఎక్కడున్నావో ఫొటో తీసి పంపమనేవాడు. పంపితే, పక్కన ఆ చెయ్యి ఎవరిది అని అడిగేవాడు. ఇంట్లో చెబితే, "ఎంత శ్రద్ధో చూడు!" అని మురిసిపోయారు. శ్రద్ధ! పిల్లి కూడా ఎలక కన్నం దగ్గర చాలా శ్రద్ధగానే కూర్చుంటుంది.

ఫోను పట్టుకెళ్ళలేని చోటు ఒక్కటే ఉంది, ఈతకొలను. అందుకే నీళ్ళంటే బుద్ధిమంతుడికి పడదు.

నిన్న జట్టు ఎంపిక జరుగుతుంటే, సీల లాకర్ తెరిచి, ఆమె ఈత బ్యాగు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. "కోచ్ మారాడటగా. మగాడటగా. నాకు ఇష్టం లేదు" అన్నాడు, తన పాలల్లో ఎవరో ఉప్పేసినట్టు. సీల పేరు పిలిచారు. సీల మామూలు బట్టల్లో గట్టు మీద నిలబడింది. పక్క వరసల్లో పిల్లలంతా దూకారు. అప్పుడు వెళ్ళి బ్యాగు లాక్కుని, కొలను మొత్తం వినపడేలా "దొంగా!" అంది. కోచ్ దయ తలచి, సెలవు మర్నాడు ఇంకొక్కసారి రమ్మన్నాడు. ఇక ఆ తర్వాత అవకాశం లేదు.

ఆ 'దొంగా' అన్న మాటకి సారీ చెప్పించుకోడానికే ఇవాళ తల్లీకొడుకులు పొద్దున్నే దిగారు. పెద్దలు టీ తాగుతుండగా బుద్ధిమంతుడు ఎవరినీ అడక్కుండా సీల గదిలోకి నడిచాడు. ఆ బ్యాగు తన దగ్గరుంటేనే 'క్షేమం' అట. సీల వెనకే వెళ్ళి తలుపు లాగి, తాళం తిప్పి, వంటింటి బుట్టలోంచి యాపిల్ తెచ్చుకుంది.

అసలు చిక్కు ఆ తాళంతోనే.

అది మేస్త్రీ స్వయంగా చేసిన తాళం. ఏళ్ళ తరబడి అతని పనిబల్ల ముందు వేలాడింది. 'తాళంచెవి లేకుండా దీన్ని తీసినవారికి జీవితాంతం తాళాలు ఉచితం' అని కింద అట్టముక్క. ఎంతమందో వచ్చారు, చెమటలు తుడుచుకుని పోయారు. నిన్న సాయంత్రం సీల దాన్ని బల్ల నుంచి విప్పి తెచ్చి తన తలుపుకి బిగించుకుంది. పని నేర్పింది నాన్నే. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని, పెట్టినచోట మేకులా దిగబడిపోయిందని సీల అని పిలిచిందీ నాన్నే.

ఇప్పుడు ఆ నాన్న మోకాళ్ళ మీద కూర్చుని, సన్నటి కడ్డీలు రెండు తాళం కన్నంలో పెట్టి, పంటి డాక్టరులా తల వాల్చి వింటున్నాడు.

"ఇంకెంతసేపు మేస్త్రీగారూ?" అంది షాపమ్మ. బుద్ధిమంతుడి తల్లి. హార్డ్‌వేర్ షాపు యజమాని భార్య. ఆ షాపు మెట్ల మీదే మేస్త్రీ పనిబల్ల ఉంటుంది. ఒళ్ళోని హ్యాండ్‌బ్యాగు ఇంకా కింద పెట్టలేదు. ఈ ఇంటి నేల దానికి తగదు.

"వచ్చేస్తుందమ్మా. ఇది మామూలు తాళం కాదు."

"మీరు చేసిందేగా?"

"అదేనమ్మా ఇబ్బంది."

"అయితే పగలగొట్టరా!" అంది నాయనమ్మ.

మేస్త్రీ తల్లివైపు చూశాడు. పసిబిడ్డ పీక నొక్కమన్నట్టు చూశాడు. "పగలగొడితే రేపు బల్ల ముందు ఏం వేలాడదియ్యనమ్మా?"

సీలకి నవ్వొచ్చింది. మంచి నవ్వు కాదు. కూతురి గదిలో పరాయివాడు దూరి దేవులాడుతుంటే టీ తాగుతూ కూర్చున్నవాడికి, తాళం పరువు పోతుందంటే మాత్రం ప్రాణం గిలగిల్లాడింది.

లోపల అలమర తలుపు కిర్రుమంది. ఊపిరాడనివాడు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"తాళంచెవి ఇవ్వవే సీలా," అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి. "నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు."

"ఇస్తాను నాన్నా. ముందు ఒకటి చెప్పమను. నా లాకర్ తాళంచెవి తనకి ఎవరిచ్చారు?"

లోపల చప్పుడు ఆగింది.

"లాకర్ తెరిచే ఉంది," అన్నాడు బుద్ధిమంతుడు తలుపు వెనక నుంచి.

"తెరిచి ఉన్న లాకర్‌కి ఇది ఎందుకు పట్టుకొచ్చావు మరి?" సీల జేబులోంచి తాళంచెవి తీసింది. నిన్న బ్యాగుతోపాటు అతని చేతిలోంచి లాక్కున్నది. కొత్తది, ఇంకా తళతళలాడుతోంది. తలుపువైపు చూపించలేదు. నాన్న ముఖం ముందు పెట్టింది. "దీని కొస చూడు నాన్నా."

మేస్త్రీ చూడలేదు.

"జేబులు చిరగకూడదని నువ్వు ప్రతి తాళంచెవి కొసా గుండ్రంగా రాస్తావు. ఈ ఊళ్ళో ఇంకెవరూ అంత ఓపిక పడరు. నీ చెయ్యి నాకు తెలీదా?"

షాపమ్మ హ్యాండ్‌బ్యాగు జిప్పు తీసి మళ్ళీ వేసింది. నాయనమ్మ గోడమీద ఏదో ఆసక్తికరమైనది కనిపించినట్టు గోడని చూసింది. వంటింట్లోంచి కుళాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. అమ్మ కప్పులు కడుగుతోంది. ఈ ఇంట్లో గొడవ జరిగినప్పుడల్లా కప్పులు చాలా శుభ్రంగా ఉంటాయి.

"అబ్బాయి అడిగాడు," అన్నాడు మేస్త్రీ చివరికి. "నువ్వు పోగొట్టుకుంటావని, తన దగ్గరొకటి ఉంటే మంచిదని. నువ్వు స్నానానికెళ్ళినప్పుడు మేకు మీంచి తీసి..."

"బల్ల మీద ఏం రాసిపెట్టావు నాన్నా?"

"అదీ ఇదీ ఒకటి కాదే..."

"చెప్పు."

సీలే అప్పజెప్పింది, చిన్నప్పుడు బల్ల పక్కన కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నట్టే. "'సొంతదారు రానిదే డూప్లికేట్ చెయ్యబడదు.' ఒకాయన భార్య బీరువా తాళంచెవి పట్టుకొస్తే, ఆవిణ్ణి తీసుకురండి అన్నావు. అరిచాడు, బూతులు తిట్టాడు. అయినా చెయ్యలేదు. నేను పక్కనే ఉన్నాను. బడిలో అందరికీ చెప్పుకున్నాను, మా నాన్న అలాంటివాడు అని." తాళంచెవి అతని కళ్ళకి ఇంకొంచెం దగ్గరగా జరిపింది. "మరి నా లాకర్‌కి సొంతదారు ఎవరు?"

"నేను నీ తండ్రిని."

"అది అడగలేదు."

మేస్త్రీ చేతిలో కడ్డీలు అటూ ఇటూ తిప్పాడు. "నేనే అనుకున్నాను," అన్నాడు, నేలకి చెబుతున్నట్టు.

"పోనీ, నువ్వే అనుకుందాం. నువ్వు ఉంచుకో. అతనికెందుకిచ్చావు?"

మేస్త్రీ కళ్ళు ఒక్కసారి షాపమ్మ వైపు వెళ్ళి వచ్చాయి. అంతే. సీలకి జవాబు అందింది. షాపు మెట్ల మీద బల్ల వెయ్యనిచ్చినవాళ్ళ అబ్బాయి వచ్చి కూతురి ఊపిరి అడిగితే, అది కూడా ఆకురాయి పెట్టి గుండ్రంగా రాసి ఇస్తాడు.

"ఏంటీ, మేమేదో బెదిరించి చేయించుకున్నట్టు మాట్లాడుతోంది?" షాపమ్మ లేచింది. "మావాడు శ్రద్ధ తీసుకున్నాడు. ఇంకో అబ్బాయయితే మీ పిల్ల మొహం చూసేవాడా? ఆ భుజాలూ, ఆ నడకా! మెల్లగా మార్చుకుందామని వాడే సర్దుకుపోతున్నాడు."

"నా భుజాల గురించి మీ ఇంట్లో మీటింగులు కూడా జరుగుతున్నాయా ఆంటీ?"

"చూశావా వదినా!" అని షాపమ్మ వంటింటివైపు అరిచింది. కుళాయి చప్పుడే జవాబు. ఆమె సీల వైపు తిరిగింది. ఇప్పుడు గొంతు మెత్తబడింది. ఆ మెత్తదనం సీలకి కొడుకు దగ్గర బాగా పరిచయమే. "ఇదిగో అమ్మాయ్. నా ఫోన్లో మీ కోచ్ నంబరుంది. మావాడే ఇచ్చాడు, ఎందుకైనా మంచిదని. ఒక మగపిల్లాణ్ణి గదిలో పెట్టి తాళం వేసింది, ఒళ్ళు తెలీని కోపం ఈ పిల్లకి అని ఒక్క మాట చెబితే, రేపు నిన్ను నీళ్ళ దగ్గరకైనా రానిస్తారా? తోటిపిల్లల భద్రత చూసుకోవద్దూ వాళ్ళు?"

సీల యాపిల్ కొరకడం ఆపింది.

"చెయ్యనులే. నేనేం రాక్షసిని కాను. తలుపు తియ్యి. సారీ చెప్పు. ఆ బ్యాగు వాడికిచ్చెయ్యి. ఈ ఈతలూ గంతులూ ఆపెయ్. అంతే, ఎవరికీ తెలీదు."

"చెప్పవే తల్లీ," అంది నాయనమ్మ. "ఒక్క మాట. నోరేం అరిగిపోదుగా."

మేస్త్రీ ఏమీ అనలేదు. అనకపోవడమంటే అతను కూడా అన్నట్టే.

సీల తలుపుకేసి చూసింది. దాని వెనక బుద్ధిమంతుడు చెవి ఒగ్గి నిలబడ్డాడని, పెదాల మీద ఆ ఓర్పుగల నవ్వు మొదలై ఉంటుందని ఆమెకి తెలుసు. ఇవాళ సారీ చెబితే రేపు కొలను పోతుంది. ఆ తర్వాత ఇంక అతను సర్దడానికి ఏమీ మిగలదు, తను తప్ప.

"ఏం? మాట్లాడవేం? చెప్పు, కోచ్‌కి ఏం చెప్పమంటావు?" షాపమ్మ ఫోను చెవి దాకా ఎత్తింది. "తాళం ఎవరు వేశారు?"

సీల నోరు తెరిచింది. అబద్ధం చెప్పే అలవాటు లేదు. నిజం చెబితే మునిగిపోతుంది.

కుళాయి ఆగింది.

"నేను," అంది అమ్మ.

వంటింటి గుమ్మంలో నిలబడి చేతులు తుడుచుకుంటోంది. తొందరపడకుండా, ఒక్కొక్క వేలూ.

"తాళం వేసింది నేనే వదినగారూ. ఫోన్ చెయ్యండి. ఆ పిల్ల తల్లి, ఇంత వయసొచ్చిన మనిషి, మీ అబ్బాయిని గదిలో పెట్టి తాళం వేసిందని చెప్పండి. నన్నెలాగూ ఈత జట్టులోకి తీసుకోరు."

కాసేపు ఎవరికీ ఊపిరి అందలేదు. ఒక్క బుద్ధిమంతుడికి తప్ప. అతను లోపల నుంచి "ఏంటి? ఎవరంట?" అని అడుగుతూనే ఉన్నాడు.

"నువ్వా!" అంది నాయనమ్మ. "నీకు తాళాలెయ్యడం ఎప్పుడొచ్చిందే?"

"ఈ ఇంటికొచ్చి ఇరవయ్యేళ్ళయింది అత్తయ్యా. ఇక్కడ నేర్చుకోడానికి ఇంకేముంది?"

"అబద్ధం!" షాపమ్మ ఫోను కిందికి దించింది. "నువ్వు వంటింట్లో ఉన్నావు. నేను చూశాను!"

"మీరు నన్ను చూశారా?" అమ్మ నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అడిగింది. "ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి వదినగారూ."

సీల అమ్మ ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. ఈ మనిషి పక్కింటావిడ చక్కెర అడిగితే, డబ్బాలో ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. పొద్దునా సాయంత్రమూ దేవుడి ముందు కూర్చుని, నోరు జారిన మాటల్ని ఏరి ఏరి అప్పజెప్పుకునే మనిషి.

"మేస్త్రీగారూ, మీరు చెప్పండి," అంది షాపమ్మ. "ఈవిడ వేసిందా తాళం? మా మెట్ల మీద కూర్చుని తింటున్నారు, ఆ విశ్వాసంతోనైనా నిజం చెప్పండి."

మేస్త్రీ భార్యని చూశాడు. ఆవిడ చేతికిచ్చిన టీ తాగుతూ ఉండగానే తలుపు మూసుకున్న చప్పుడు విన్నాడతను. ఆవిడ ఎక్కడుందో అతనికన్నా బాగా ఎవరికీ తెలీదు. కూతుర్ని చూశాడు. చేతిలోని కడ్డీలు చూశాడు.

"ఇంట్లో తాళాలన్నీ ఆవిడ చేతిలోనే ఉంటాయమ్మా," అన్నాడు.

అది ధైర్యమేమీ కాదు. బురదలో ఉన్న కాలు ఒకటి పైకి తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక గాల్లో పట్టుకున్నట్టుంది. అయినా కాలు కదిలింది. సీల దాన్ని గమనించింది, మెచ్చుకోలేదు.

అమ్మ చెయ్యి చాపింది. సీల గది తాళంచెవి తీసి అందులో పెట్టింది. ఏళ్ళుగా ఎవరికీ లొంగని తాళం ఒక్క తిప్పుకి తెరుచుకుంది.

బుద్ధిమంతుడు బయటికొచ్చాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయింది. చొక్కాకి మంచం కింది బూజు. చేతిలో మాత్రం ఈత బ్యాగు.

"దొరికింది మమ్మీ," అన్నాడు, గెలిచినవాడిలా. తర్వాత అందరి ముఖాలూ చూసి గొంతు మార్చాడు. "చూడండి ఆంటీ, నాకు కోపమేం లేదు. తను చిన్నపిల్ల. సారీ చెప్పకపోయినా క్షమించేస్తాను. ఇది నా దగ్గరుంటే..."

అమ్మ బ్యాగు పట్టీ రెండో చివర పట్టుకుంది. "ఇది మా అమ్మాయిది."

"తన మంచికే ఆంటీ."

"వదులు బాబూ."

అతను వదల్లేదు. అమ్మ లాగలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది.

"నేనెంతసేపైనా పట్టుకుని నిలబడగలను," అంది. "నాకది అలవాటే. నీకు కాళ్ళు నొప్పెడతాయి."

బుద్ధిమంతుడు మేస్త్రీ వైపు చూశాడు. "అంకుల్?" మేస్త్రీ కడ్డీలు సంచిలో సర్దుకుంటున్నాడు. నాయనమ్మ వైపు చూశాడు. నాయనమ్మ అతని చొక్కా మీది బూజు చూస్తోంది. ఇన్నాళ్ళూ ఏదడిగినా ఎదురుగా ఎవరో ఒకరు తలూపిన ఇల్లది. తల ఊపేవాళ్ళు లేకపోతే అతని చేతిలో అంత బలం లేదని అతనికీ అప్పుడే తెలిసినట్టుంది. వేళ్ళు ఒక్కొక్కటే విడిపోయాయి. చూస్తే అతనూ ఓ పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, ముక్కు కారుతోంది. ఈ ముక్కుకా ఇన్నాళ్ళు ఫొటోలు పంపింది తను? సీలకి తన మీద తనకే ఏవగింపు కలిగింది.

"పదరా," అంది షాపమ్మ. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "రేపు మా మెట్ల మీద బల్ల ఎలా వేస్తారో నేనూ చూస్తాను మేస్త్రీగారూ."

చెప్పులు టకటకా మెట్లు దిగిపోయాయి. ఈసారి బుద్ధిమంతుడు చెప్పులు సగమే తొడుక్కుని వెళ్ళాడు.

"టీ కూడా పూర్తిగా తాగలేదు పిల్లాడు," అని నాయనమ్మ ఎవరికో చెప్పింది. ఎవరూ వినలేదు.

అమ్మ మళ్ళీ వంటింట్లోకి వెళ్ళింది. సీల వెనకే వెళ్ళింది, బ్యాగు భుజాన వేసుకునే. తొట్టిలో కప్పులన్నీ ఇంతకుముందే కడిగినవి. అమ్మ వాటినే మళ్ళీ కడుగుతోంది.

"అమ్మా. నువ్వు అబద్ధమాడావు."

"ఆడాను."

"మరి దేవుడు?"

"సాయంత్రం కూర్చుంటానుగా. చెప్పుకుంటాను. ఏమంటాడో చూద్దాం." ఒక కప్పు వెలుతురుకి ఎత్తి చూసింది. "ఇన్నేళ్ళు అబద్ధమాడకుండా నోరు మూసుకున్నాను. అప్పుడైనా ఏమన్నాడు గనక?"

నడవలోంచి మేస్త్రీ గొంతు వినిపించింది. ఫోన్లో, షాపు యజమానితో. బాగా వంగిన గొంతు. "అయ్యా, నేనేనండీ... లేదండీ, మీరు పెద్దమనసు చేసుకోవాలి... మా ఆవిడకి ఈమధ్య ఒంట్లో బాగుండట్లేదండీ, ఏం మాట్లాడుతోందో దానికే తెలీదు... సాయంత్రం అమ్మాయిని వెంటబెట్టుకుని నేనే..."

కాలు మళ్ళీ బురదలోకే దిగిపోయింది. అమ్మ కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళ చప్పుడులో ఆ గొంతు మునిగిపోయింది.

"సాయంత్రం నువ్వెక్కడికీ వెళ్ళవు," అంది అమ్మ. "పెందలాడే పడుకో. రేపు నేనే లేపుతాను."

"నాన్న ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

సీల బ్యాగు పట్టీ సర్దుకుంది. "ఇదంతా నా కోసం ఎందుకు చేశావమ్మా? నీ మీద వేసుకుని..."

"బాకీ ఉన్నానుగా నీకు."

"ఏం బాకీ?"

"రేడియో."

సీలకి గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది. అప్పుడు రెండో తరగతి. అమ్మ అలమర తుడుస్తుంటే నాయనమ్మ రేడియో జారి పడి రెండు ముక్కలైంది. అందరూ పరిగెత్తుకొచ్చారు. అమ్మ ముఖం చూసి, ఎవరూ అడక్కముందే సీల "నేనే పడేశాను" అంది. నాన్న చెవి మెలేశాడు. నాయనమ్మ వీపు మీద రెండు వేసింది. అమ్మ గుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది, ఒక్క మాట అనకుండా. తర్వాత తల దువ్వుతూ, దువ్వెన ఆపి, "నీకొకటి బాకీ పడ్డానే సీలా" అంది. పిల్ల మరుసటి రోజుకే మరిచిపోయింది.

అమ్మ మరవలేదు.

"ఇన్నేళ్ళకా?"

"వడ్డీ మాత్రం అడక్కు."

నవ్వబోయి సీల నవ్వలేకపోయింది. అమ్మ కుళాయి కట్టకుండానే, తడికప్పు ఒకటి ఆమె వైపు చాపింది. తుడవమని.

"చెల్లా?" అంది.

సీల రెండు చేతులా కప్పు అందుకుంది.

"చెల్లు."